నాలుగో గది అంకెలు

చల్లకాలం, 2వ రోజు

ఈ రోజు నాలుగో గదికి సంతకం పెట్టాను.

పొద్దున రబ్బరు ఛాతీని ఒళ్ళో పెట్టుకుని ట్రాలీలో నాలుగో సొరంగానికి వెళ్ళాను. అది మనిషి రొమ్మంత పెట్టె. లోపల బెండు, రబ్బరు, సుద్ద, జిగురు ముక్కలు పది ఉంటాయి. ఏ ముక్క ఎంత గరుకో మాకు ముందే తెలుసు. నేలకింద ఉన్న మా కొత్తబిలంలోని నాలుగు స్కాన్ యంత్రాలూ నాలుగు చోట్ల తయారైనవి. ఒకే ముక్కకు నాలుగూ ఒకే అంకె చెప్పేదాకా వాటిని సరిచేయడం నా ఉద్యోగం.

ఇక్కడ రాయి తొలిచినవాళ్ళలో ఊపిరితిత్తుల మీద మచ్చ లేని మనిషి లేడు. నాకే మూడు ఉన్నాయి. అందులో దుమ్ము పేరుకున్న మచ్చ ఏదో, చెడ్డ గడ్డ ఏదో కంటితో చూసి చెప్పడం డాక్టర్ ఓబుళపతిగారి వల్ల కూడా కాదు. యంత్రం గడ్డ లోపలి తీరునంతా లెక్కవేసి ఒక అంకె ఇస్తుంది. కొలతల మండలి కాగితాల్లో దానికి పొడుగాటి పేరు ఉంది. జనం గరుకు అంటారు. గరుకు నలభై దాటితే తెల్లబండి ఎక్కి నేల మీది పైఊరి ఆసుపత్రికి పోయి కోయించుకోవాలి. దాటకపోతే తిరిగి పనిలోకి. పైన ఎండ కాస్త తగ్గి తెల్లబండి నడిచేది ఏడాదికి నలభై రెండు రోజులే.

నాలుగో గది తిక్కస్వామన్నది. ముప్పై ఏళ్ళుగా అక్కడే టెక్నీషియన్. బొమ్మలో ఏది ఎముకో ఏది నీడో నాకు నేర్పినవాడు. నేను వెళ్ళేసరికి గాలిపంకా మీది గుడ్డ విప్పి ఉతుకుతున్నాడు. ఇద్దరం కలిసి యంత్రం లోపలి దుమ్ము తుడిచాం. రబ్బరు ఛాతీని మూడుసార్లు స్కాన్ చేశాం. పొర మందం, ఫిల్టరు, గడ్డ చుట్టూ గీత గీసే పద్ధతి, అన్నీ చూసుకుంటూ మండలి కాగితంలోని అరవై నాలుగు గళ్ళూ నింపాను. నూటికి రెండు పాళ్ళ తేడా కూడా రాలేదు.

నియమం ప్రకారం ఆ తరువాత ఇరవై మంది మనుషుల్ని ఈ గదిలోనూ ఇంకో గదిలోనూ స్కాన్ చేసి పోల్చాలి. అప్పుడే సంతకం. కాని చల్లకాలం మొదలైపోయింది. నాలుగో సొరంగం వాళ్ళు గది ముందు బల్లల మీద రోజంతా కూర్చుంటున్నారు. ఇరవై మంది పరీక్ష పక్కన నడుస్తుండగానే గది వాడుకోవచ్చా అని నేనే మండలికి రాశాను. మండలిలో మా నాలుగు గదులను చూసుకునే జెస్సీ రత్నంగారు, నా సంతకం పూచీ మీద వాడుకోవచ్చన్నారు.

సంతకం పెట్టి వచ్చాను.  

9వ రోజు

ఇరవై మంది పరీక్ష ఈ రోజు పూర్తయింది. ఫలితాలు బాగాలేవు.

వాళ్ళను ఐదో రోజున, ఆరో రోజున నాలుగో గదిలో స్కాన్ చేశారు. నిన్నా ఇవాళా రెండో గదిలో నేను చేశాను. ఇరవై మందిలో పదిహేడు మందికి నాలుగో గదిలో అంకె తక్కువ వచ్చింది. కొందరికి నాలుగైదు తక్కువ. కొందరికి పదికి పైన.

అందరికంటే ఎక్కువ తేడా మద్దిలేటిది. నలభై ఒక్క ఏళ్ళవాడు, నాలుగో సొరంగం చివర రాయి తొలిచే జట్టులో పని. ఐదో రోజున తిక్కస్వామన్న గదిలో అతనికి ముప్పై నాలుగు వచ్చింది. ఇవాళ నా గదిలో యాభై ఒకటి. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ తెర మీది అంకె చూశాడు. నేను తెర తిప్పడం మరిచిపోయాను.

"ఆడ ముప్పై నాలుగు అన్నారు. ఈడ యాభై ఒకటి అంటాండావు. నా రొమ్ములో ఉండేది ఒకటే గడ్డ కదక్కా. నాది యా అంకె?" అన్నాడు.

యంత్రాలు ఇంకోసారి సరిచూసి చెబుతానన్నాను. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. రెండు రోజులన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో నాకే తెలియదు. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు రెండు రోజులని ఎలా చెప్పగలను?

అతను వెళ్ళాక నాలుగో గది పుస్తకం తెప్పించి లెక్కపెట్టాను. నేను సంతకం పెట్టిన తరువాత అక్కడ అంకె తీసుకున్నవాళ్ళు నిన్నటికి యాభై ఒక్కమంది.

10వ రోజు

నాలుగో గదికి మళ్ళీ వెళ్ళాను. రబ్బరు ఛాతీని ఐదుసార్లు స్కాన్ చేశాను. ఐదుసార్లూ సరిగ్గానే వచ్చింది. పెట్టెను తిప్పి పెట్టి చూశాను. ఒక పక్కకు జరిపి చూశాను. అదే అంకె.

పొర మందం ఒక మిల్లీమీటరు, నాలుగు గదుల్లోనూ అంతే. ఫిల్టరు అదే. గడ్డ చుట్టూ గీతలన్నీ చెరిపి ఇరవై మందికీ నేనే మళ్ళీ గీశాను. తేడా పోలేదు. నా చెయ్యి నమ్మలేక డాక్టర్‌గారి చేత ఐదుగురికి గీయించాను. ఆయన గీతకూ నా గీతకూ ఒక అంకె కంటే తేడా రాలేదు.

మండలికి చెప్పావా అని ఆయన అడిగారు. కారణం తెలిశాక చెబుతానన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కారణం తెలిసేలోపు ఆ గదిలో రోజుకు ఆరుగురో ఏడుగురో అంకె తీసుకుని పోతున్నారని గుర్తుచేశారు. గది మూస్తే రెండు వందల మంది మిగతా మూడు గదుల మీద పడతారు, అందులో సగం మందికి చల్లకాలం లోపల స్కాన్ జరగదు, ఇది నేను గుర్తుచేశాను. ఇద్దరం చెప్పిందీ నిజమే. ఇంకొక్క రోజు ఆగుదామన్నాను.

మా ఆయన కాశింవలి దీపాల కింద కొర్ర పండించే మడుల్లో పనిచేస్తాడు. అన్నం పెడుతుంటే నా మొహం చూసి, ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదన్నాను. 

11వ రోజు

కారణం దొరికింది.

పొద్దుటి నుంచి నాలుగో గదిలో అద్దం వెనక బల్ల మీద కూర్చున్నాను. తిక్కస్వామన్నతో ఏమీ చెప్పలేదు. యంత్రాన్ని చూడటానికి వచ్చానన్నాను. ఆయన తన పని తాను చేసుకుంటున్నాడు. మూడో మనిషిని పడుకోబెట్టాడు. భుజాల కింద దిండు సరిచేశాడు. తరువాత వంగి అతని చెవి దగ్గర అన్నాడు: "నోటితో గాలంతా వదిలేయ్ నాయనా. వదిలినావా? అట్లే ఉండు. కదలాకు."

మొదటి ఇద్దరికీ ఆ మాటే చెప్పి ఉంటాడు. నేను తెరనే చూస్తున్నాను, వినలేదు.

మిగతా మూడు గదుల్లో మనుషులకు ఎవరూ ఏమీ చెప్పరు. యంత్రమే చెబుతుంది, గాలి నిండా పీల్చి పట్టుకోండి అని. ఇక్కడ ఆ గొంతును ఎప్పుడో ఆపేశారు.

నాలుగో గది బొమ్మలు పది తీసి వరసగా పరిచాను. అన్నిటిలోనూ ఊపిరితిత్తుల కింది అంచు రెండు వేళ్ళు పైకి ఉంది. గాలి నిండిన రొమ్ములో గడ్డ అంచు విడిగా తెలుస్తుంది. గాలి పోతే చుట్టూ ఉన్నదంతా దగ్గరకు ముడుచుకుని అంచులో కలిసిపోతుంది, అంకె తగ్గుతుంది. రెండు రోజులుగా నేను గడ్డలను చూస్తూ కూర్చున్నాను. రొమ్మును చూడలేదు. రబ్బరు ఛాతీ ఊపిరి పీల్చదు కాబట్టి దానికి ఏ గదైనా ఒకటే.

మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆయనకు చెప్పాను. గాలి పీల్చమని కదన్నా చెప్పాల్సింది అన్నాను.

"పీల్చమంటే దగ్గుతారు మాబూ. దుమ్ము తిన్న రొమ్ములు. బొమ్మంతా చెదిరిపోతాది, మళ్ళా పడుకోబెట్టాల. వదిలి పట్టుకోమంటే నిమ్మళంగా ఉంటారు. ముప్పై ఏండ్ల నుంచి ఇట్లే చెప్తాండా. డాక్టర్లు కంటితో చూసినన్నాళ్ళు ఎవురికీ ఏమీ కాలేదు." నా కాగితం వైపు చూసి అన్నాడు: "మీ కాగితంలో అరవై నాలుగు గళ్ళు ఉండాయి. మనిషికి ఏం చెప్తావని ఒక్క గడీ అడగలేదు కదమ్మా."

అడగలేదు. నేనూ అడగలేదు.

ఆయన సంగటి ముద్దను పళ్ళెంలో అటూ ఇటూ జరుపుతూ ఎంతమంది అని అడిగాడు. ఇవాళ్టితో అరవై ముగ్గురు అన్నాను. అందులో నలభై దాటినవాళ్ళు పదకొండు మంది, వాళ్ళకు భయం లేదు, వాళ్ళ అసలు అంకె ఇంకా ఎక్కువే అవుతుంది, ఎలాగూ పైకి పోతారు. మిగిలినవాళ్ళు యాభై ఇద్దరు. అందరికీ ఏమీ లేదని చెప్పి పంపాం.

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. బయట బల్లల మీద ఉన్నవాళ్ళతో ఈ రోజుకు గది లేదని చెప్పి తలుపు వేశాడు.

12వ రోజు

పొద్దున జెస్సీ రత్నంగారికి ఫోన్ చేశాను. ముందే రాసుకున్న కాగితం చూసి చదివాను, లేకపోతే మధ్యలో ఆగిపోతానని. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. అంతా విన్నాక అడిగారు:

"యాభై ఇద్దరిలో ఎంతమంది తిరిగి దుమ్ములోకి వెళ్ళారు, మాబున్ని గారూ?"

"నలభై ఏడుగురు."

 ఆవిడ ఒక్కొక్కటే చెప్పారు. నాలుగో గది అంకెలన్నీ ఈ క్షణం నుంచి చెల్లవు. యాభై ఇద్దరినీ వెతికి మళ్ళీ స్కాన్ చేయాలి, పరీక్ష కోసం రెండో గదిలో తీసిన అంకెలు కూడా లెక్కలోకి రావు. తిక్కస్వామిని గదిలోంచి తీసేయాలి.

ఆ చివరిదానికి ఒప్పుకోలేకపోయాను. ఆయన కాగితం ప్రకారం ఒక్క తప్పూ చేయలేదని, ఇరవై మంది పరీక్ష కాకముందే సంతకం పెట్టింది నేనని, పెట్టనివ్వమని అడిగింది కూడా నేనేనని చెప్పాను.  ఆవిడ, ఒప్పుకున్నది తను కూడాననీ అది తన పుస్తకంలో రాసుకుంటాననీ అన్నారు. చివరకు ఇద్దరినీ ఉంచారు. చల్లకాలం అయ్యాక విచారణ ఉంటుంది.

ఇంకొకటి అడిగాను. అందరికీ సులువు గాలి వదలడమే అయితే నాలుగు గదుల్లోనూ అదే పెట్టకూడదా అని. నలభై అనే గీత గాలి పీల్చిన వెయ్యి మంది బొమ్మల నుంచి వచ్చిందని, పద్ధతి మారిస్తే గీతను మళ్ళీ మొదటి నుంచి వెతకాలని, అది ఏడాది పని అని ఆవిడ చెప్పారు. ఆ ఏడాదిలోపల ఈ యాభై ఇద్దరూ ఏం కావాలి?

పేర్ల జాబితా రాసుకున్నాను. మొదటి పేరు మద్దిలేటి. చివరి పేరు ఈరమ్మ. దీపాల మడుల్లో పనిచేసే యాభై ఏళ్ళ మనిషి, అంకె ముప్పై ఎనిమిది. ఏమీ లేదని మేం చెప్పాక చెల్లెలి దగ్గరికి తూర్పుబిలానికి వెళ్ళిపోయిందట. అక్కడికి ఫోన్ లేదు. వారానికి ఒక ట్రాలీ పోతుంది. దాంతో చీటీ పంపాను.

14వ రోజు

నాలుగో గది యంత్రానికి గొంతు తిరిగి పెట్టాం. గాలి నిండా పీల్చి పట్టుకోండి. పది మందిని పడుకోబెడితే ఆరుగురు దగ్గారు. బొమ్మలు నీళ్ళలో చూసినట్టు వచ్చాయి. ఒకతనికి దగ్గు ఆగక మూతి నీలం తిరిగితే డాక్టర్‌గారిని పిలిచాం. మిగతా గదుల్లో ఇది తక్కువ, అక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది రాయి తొలిచేవాళ్ళు కారు. ఇరవై మంది పరీక్షకు కూడా దగ్గు తక్కువ ఉన్నవాళ్ళనే ఎంచాం.

రోజుకు పది మందిలో నలుగురే అయితే ఎన్ని రోజులు పడుతుందో లెక్కవేశాను. పదమూడు. మళ్ళీ వేశాను. అంతే వచ్చింది. అందులో అంకె పెరిగినవాళ్ళు తెల్లబండిలో చోటు కోసం ఎదురుచూడాలి, బండి వారానికి రెండుసార్లే.

తిక్కస్వామన్న మూల నిలబడి అంతా చూస్తున్నాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, గొంతు ఆపి రేపు తనను చెప్పనిస్తావా అని అడిగాడు. పీల్చమనే చెబుతానన్నాడు.

15వ రోజు

ఆయన గది బయట బల్లల దగ్గర పని మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళను వరసగా కూర్చోబెట్టాడు. వేడినీళ్ళలో పిండిన గుడ్డ ఒక్కొక్కరి ముక్కు ముందు పట్టించాడు. పది నిమిషాలు ఆవిరి. తరువాత చిన్నగా రెండు ఊపిర్లు, అప్పుడు మెల్లగా ఒక పెద్ద ఊపిరి, ఆయన ఏడు లెక్కపెట్టేదాకా. దగ్గు వచ్చినవాణ్ణి తిట్టలేదు, వీపు రాసి మళ్ళీ మొదటి నుంచి పట్టించాడు. వరండా అంతా మనుషులు ఒకేసారి పీల్చి ఆగే చప్పుడు. ఆగినప్పుడు పైన రాయి నుంచి నీటి చుక్కలు పడటం వినిపించింది.

ఆ పట్టు వచ్చినవాళ్ళను లోపలికి తీసుకొచ్చి అదే గొంతుతో లెక్కపెట్టాడు. పది మందిలో తొమ్మిది మంది బొమ్మలు శుభ్రంగా వచ్చాయి.

ఆయన చెప్పే మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని జెస్సీ రత్నంగారికి పంపాను. ఏ మాట తరువాత ఎంతసేపు ఆగాలో కూడా రాశాను. మూడు గంటల తరువాత జవాబు వచ్చింది. కాగితానికి అరవై ఐదో గడి చేర్చారు. నాలుగు గదుల్లోనూ ఇకమీద ఇవే మాటలు. తిక్కస్వామన్నకు చూపిస్తే రెండుసార్లు చదివి, ఏడు కాదు, ఆడవాళ్ళకు ఆరు చాలు అన్నాడు. రెండూ ఒకటే ఉండాలన్నా అన్నాను. సరే ఆరు పెట్టు, అందరికీ, అన్నాడు.

20వ రోజు

ముప్పై ఎనిమిది మంది అయ్యారు. నలుగురికి నలభై దాటింది. వాళ్ళకు చెప్పడం నేనే పెట్టుకున్నాను. ఒకావిడ నా చేతులు పట్టుకుని, ముందు ఏమీ లేదన్నారు కదా, అదే ఉంచమని అడిగింది. ఆమె ఏడవలేదు. అదే ఉంచమని మూడుసార్లు అడిగింది. నలుగురూ నిన్న తెల్లబండి ఎక్కారు.

అంకె పెరగనివాళ్ళు బయటికి వచ్చి నా వైపు చూడకుండా పోతున్నారు. అది కూడా అర్థమవుతుంది.

మద్దిలేటి రాలేదు. మూడుసార్లు కబురు పంపాను. ఈరమ్మ నుంచి జవాబు లేదు.

22వ రోజు

నాలుగో సొరంగం చివరికి నేనే వెళ్ళాను. మద్దిలేటి జట్టు అన్నాల వేళ ముసుగులు తీసి కూర్చుని ఉంది. అతను నన్ను చూసి లేచి పక్కకు వచ్చాడు. మొహమంతా తెల్లటి దుమ్ము, ముసుగు ఉన్నంత మేర నల్లగా.

జట్టులోంచి మధ్యలో వెళ్ళిపోతే ఈ సొరంగంలో తమకు కాపురానికి ఇవ్వబోయే గది వేరేవాళ్ళకు పోతుందని చెప్పాడు. భార్య, ఇద్దరు పిల్లలు, అత్త ఇప్పుడు ఒకే గదిలో ఉంటున్నారు. పైకి పోయి రొమ్ము కోయించుకుని వచ్చినవాళ్ళు మళ్ళీ రాయి తొలిచే మర పట్టుకున్నది అతను చూడలేదు.

"రెండు అంకెలు ఇచ్చినారు. మూడోది యాలకు?"

"మొదటిది తప్పు, మద్దిలేటీ. తప్పు మాది. నీది యాభై ఒకటే అని నేను నమ్ముతున్నాను."

"నమ్ముతాండావా, తెలుసా?"

నమ్ముతున్నాను అన్నాను. అతను తల ఊపాడు. కోపంగా ఏమీ లేడు. ముసుగు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. మర చప్పుడు మొదలయ్యాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

24వ రోజు

మద్దిలేటి వచ్చాడు. నిన్న తిక్కస్వామన్న వాళ్ళింటికి పోయాడట. ఏం మాట్లాడాడని అడిగితే అన్న చెప్పలేదు. మద్దిలేటి చెప్పాడు. ఆ పెద్దాయన గడప దగ్గర నిలబడి, నీకు తప్పు మాట చెప్పింది నేను, ఆయమ్మ కాదు, ఒక్కసారి వచ్చి నా చేత సరిగ్గా చెప్పించుకో అన్నాడట. వాళ్ళ అత్త లోపలి నుంచి విని, పోయిరా అందట.

ఆవిరి, రెండు చిన్న ఊపిర్లు, ఒక పెద్ద ఊపిరి, ఆరు. బొమ్మ కదలకుండా వచ్చింది. యాభై రెండు.

ఈసారి కావాలనే తెర తిప్పలేదు. అతను చూశాడు. సొరంగం గది సంగతి జట్టు పెద్దతో ఎవరైనా మాట్లాడతారా అని మాత్రం అడిగాడు. డాక్టర్‌గారు వెంటనే బయలుదేరి వెళ్ళి మాట్లాడారు. గది ఉంచుతామన్నారట, కాగితం ఇవ్వలేదు.

ఇరవై ఏడో రోజు బండిలో చోటు రాయించాను.

33వ రోజు

పైఊరి నుంచి కబురు. మా గది నుంచి తిరిగి స్కాన్ చేసి పంపినవాళ్ళు ఇప్పటికి ఐదుగురు. నలుగురివీ చెడ్డ గడ్డలే. సమయానికి తీశారు. నలుగురూ బాగున్నారు.

మద్దిలేటిది ఉత్త దుమ్ము.

గడ్డతోపాటు ఊపిరితిత్తిలో కొంత తీసేశారు. తరువాత గాలి కారి రొమ్ములో గొట్టం పెట్టారు. ఇంకా మంచం మీదే ఉన్నాడు. అతని బొమ్మ మళ్ళీ తీసి చూశాను. మూడో స్కాన్ సరిగ్గా చేశాం. నాలుగు గదుల్లో ఏ గదిలో చేసినా యాభై రెండే వస్తుంది. అంకె సరైనదే. లోపల ఉన్నది మాత్రం దుమ్మే.

డాక్టర్‌గారు, నలభై దాటిన పది మందిలో ఇద్దరికి ఇలా అవుతుందని మొదటి నుంచీ మనకు తెలుసు కదా అన్నారు. తెలుసు. ఆ ఇద్దరిలో ఒకడిని కబురు మీద కబురు పంపి మరీ పిలిపిస్తానని తెలియదు.

తిక్కస్వామన్నకు చెప్పాను. ఆయన ఆ పూట ఎవరికీ లెక్కపెట్టలేదు. నేనే పెట్టాను.

జాబితాలో యాభై ఒక్కమంది అయ్యారు. మిగిలింది ఈరమ్మ ఒక్కతే. రెండో చీటీ పంపాను, మూడోది కూడా.

41వ రోజు

ఈ రోజు చివరి తెల్లబండి.

ఆరు గంటలకే పై గేటు దగ్గరికి వెళ్ళాను. ఏడింటికి పైనుంచి బండి వచ్చింది, కోలుకున్నవాళ్ళను దింపడానికి. తిరిగి ఎనిమిదిన్నరకు బయలుదేరాలి. అంతకంటే ఆలస్యమైతే దారిలో టైర్లు మెత్తబడతాయని డ్రైవర్ చెప్పాడు. దిగినవాళ్ళలో ఆఖరున మద్దిలేటి దిగాడు. ఎడమ చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి. నన్ను చూశాడు.  బల్ల చూపించాను. కూర్చున్నాడు.

అప్పుడే కింద నుంచి తిక్కస్వామన్న మనిషిని పంపాడు. తూర్పుబిలం ట్రాలీ వచ్చింది, అందులో ఈరమ్మ ఉంది. మూడో చీటీ అందిందట. రెండు రోజులు ట్రాలీ కోసం ఎదురుచూసిందట.

పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆమె బల్ల మీద కూర్చుని ఆవిరి పడుతోంది. ఏడున్నర. తిక్కస్వామన్న గడియారం వైపు చూడలేదు. ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. పది నిమిషాలూ అయ్యాకే లేపాడు. రెండు చిన్న ఊపిర్లు, ఒక పెద్దది, ఆరు. మొదటిసారికే బొమ్మ వచ్చింది. గీత రెండుసార్లు చెరిపి గీశాను. యాభై ఎనిమిది.

ఎనిమిది దాటి పది నిమిషాలు. ఆమెకు నిలబడే చెప్పాను. బట్టల మూట కూడా లేదు. ముప్పై ఎనిమిది అన్నారు కదా అంది. అవును, తప్పు చెప్పామన్నాను. లిఫ్టులో పైకి తీసుకొచ్చాం.

గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. తెరిచిన తలుపులోంచి పైనున్న వెలుతురు లోపలికి పడుతోంది. ఎన్నేళ్ళయిందో ఆమె దాన్ని చూసి. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. డ్రైవర్ ఇంజన్ వేశాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే ఆమె కదల్లేదు. పక్క బల్ల మీద ఉన్న మద్దిలేటిని చూసి, అతను అక్కడి నుంచే వచ్చాడని గ్రహించి, అడిగింది.

"నీదేం అయింది నాయనా? చెడ్డదేనా?"

మద్దిలేటి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అతను ఏం చెప్పినా అది అతని హక్కే అనుకున్నాను. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"కాదక్కా. దుమ్మే" అన్నాడు అతను. ఊపిరి కోసం ఆగాడు. "నాకంటే ముందు పోయినోళ్ళు నలుగురు. వాళ్ళవి దుమ్ము కాదు. ఇప్పుడు కూర్చొని అన్నం తింటాండారు. నువ్వు పో. లోపలేముండాదో మనకు తెల్దు కదా. తెలుసుకోని రా."

ఈరమ్మ కొంగు దించింది. అతను బల్ల మీద ఉన్న తన నీళ్ళ సీసా తీసి ఆమె చేతికి ఇచ్చాడు. దారిలో తలమీద తడిగుడ్డ ఆరనీయవద్దని, ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం ఇస్తే వద్దనమని చెప్పాడు. ఆమె ఎక్కింది. ఎనిమిదీ ముప్పై ఐదుకు బండి కదిలింది.

గేటు మూశారు. మద్దిలేటి లేవడానికి చెయ్యి చాపితే పట్టుకున్నాను.  లిఫ్టులో, ఆయమ్మది ఎంత అని అడిగాడు. చెప్పాను. ఎక్కువే అన్నాడు.

42వ రోజు

ఈరమ్మ చేరిందని పొద్దున కబురు వచ్చింది. రేపు కోస్తారు. గడ్డ ఏమిటో ఎల్లుండికి గాని తెలియదు.

విచారణ కబురు కూడా వచ్చింది. కాగితాలు జెస్సీ రత్నంగారే స్వయంగా తీసుకొస్తున్నారట, కింది దారిలో, ఐదు రోజుల ప్రయాణం. తిక్కస్వామన్న గది ఊడ్చి, యంత్రానికి గుడ్డ కప్పాడు. నేను ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎల్లుండి దాకా అది మోగదని తెలుసు.